కింది వరుసలో జోడీ

గుంటూరు అరండల్‌పేటలో జ్ఞానసుందరం గారి టైప్ ఇన్‌స్టిట్యూట్ ఉన్న సందులోకి మలుపు తిరగ్గానే చప్పుడు ఎదురొచ్చేది. రేకుల మీద వడగళ్లు పడుతున్నట్టు ఒకటే మోత. టైపు పరీక్షల్లో లోయర్ పాసవ్వాల్సినవాళ్లు, హయ్యర్‌కి కట్టినవాళ్లు, కోర్టులోనో కలెక్టరాఫీసులోనో ఉద్యోగం వస్తుందని ఆశపడ్డవాళ్లు, అందరి వేళ్లూ ఆ గదిలోనే రాటుదేలాయి. జ్ఞానసుందరం గారు చేతులు వెనక్కి కట్టుకుని బల్లల మధ్య తిరుగుతూ, కిందికి చూడొద్దని, వేళ్లని నమ్మమని చెబుతుండేవారు. భార్య పోయి చాలాకాలమైంది. మేడమీద ఆయనా, కూతురు సువార్తా ఉండేవారు.

సువార్త హైదరాబాదులో కంప్యూటర్ డిప్లొమా చేసి వచ్చిన ఏడాదే, ఓ బ్యాంకువాళ్లు పాతబడిందని పక్కనపెట్టిన కంప్యూటర్ ఒకటి ఇన్‌స్టిట్యూట్‌కి చేరింది. నల్లటి తెర, దాని మీద ఆకుపచ్చ అక్షరాలు. దాచుకునే చోటంటూ దాని లోపల ఏమీ లేదు. పొద్దున స్విచ్ వెయ్యగానే ఒక ఫ్లాపీ మింగాలి, లేకపోతే తను కంప్యూటర్నన్న సంగతే దానికి గుర్తుండదు. పల్చటి ఆ నల్ల ఫ్లాపీని తండ్రి రెండు వేళ్లతో పట్టుకుని ఎగాదిగా చూసి, ఇంత అప్పడంలో ఏం పడుతుందని అడిగారు.

సువార్త దాని మీద టైపు నేర్పే ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టింది. అలాంటివి అప్పటికే బయట దొరుకుతున్నాయి. తెర మీద వాక్యం వస్తుంది, చూసి కొట్టాలి, చివర్లో వేగమెంతో తప్పులెన్నో చెబుతుంది. ఆమెకి అది చప్పగా అనిపించింది. తప్పులు ఎలాగూ కాగితం మీదే కనబడతాయి. కాగితం మీద కనబడనిది, ఒక అక్షరానికీ మరో అక్షరానికీ మధ్య వేలు ఎంతసేపు ఆగిందన్నది. కంప్యూటర్ దాన్ని పట్టుకోగలదు.

ఒక మధ్యాహ్నం తండ్రిని కూర్చోబెట్టి, ఇంగ్లీషు అక్షరాలన్నీ వచ్చే ఆ నక్కా కుక్కా వాక్యం కొట్టమంది. టైపు నేర్చుకున్న ప్రతివాళ్లూ విసుగొచ్చేదాకా కొట్టిన వాక్యమది. ఆయన కొట్టాక, ఆమె ఒక మీట నొక్కి, చేతులు తీసెయ్యమంది. తెర మీద అదే వాక్యం తనంతట తను పడసాగింది. అక్షరానికోసారి లోపలి చిన్న స్పీకరు టిక్కుమంటోంది. ఆయన ముందుకు వంగి, చెవి దగ్గరగా పెట్టి విన్నారు.

"నేనే," అన్నారు మెల్లగా. కుడిచేతి చిటికెన వేలు చిన్నప్పుడు తలుపు సందులో నలిగిందట. దాని దగ్గర ఆయన రవ్వంత ఆగేవారు. అంతకాలం కూతురుకి కూడా తెలియని ఆ ఆగడాన్ని ఫ్లాపీ పట్టేసుకుంది.

జోడీ అక్కణ్ణుంచి పుట్టింది. తెర మీద పై వరుసలో నువ్వు కొడతావు. కింది వరుసలో జోడీ కొడుతుంది. జోడీ అంటే నువ్వే, కాకపోతే కొన్నాళ్ల తర్వాతి నువ్వు. నీ వేళ్లు నిన్నటికన్నా ఇవాళ ఎక్కడ తేలికపడ్డాయో, ఎక్కడ బరువెక్కాయో చూసి, అదే దారిలో పోతే ముందుముందు ఎలా ఉంటావో లెక్కకట్టి నీ పక్కనే కొడుతుంది. ఒక మీట నొక్కితే నెల ముందుకి, మరోటి నొక్కితే ఏడాది ముందుకి. మొదట్లో ఆ లెక్క తప్పులతడకగా ఉండేది. అందుకని సువార్త దానికే ఓ పని అప్పజెప్పింది. నిన్న తను ఊహించినదాన్ని ఇవాళ నిజంగా పడ్డ వేళ్లతో పోల్చుకుని, తన లెక్క తనే దిద్దుకోవాలి. పిల్లలంతా నెలల తరబడి కొట్టినమీదట ఫ్లాపీలో పేరుకున్న అంకెలు ఎందుకలా ఉన్నాయో, రాసిన ఆమెకే చదవడం రాలేదు. కానీ లెక్క మాత్రం సరిపోయేది. ఎండాకాలానికి ఫలానా పిల్ల ఇలా కొడుతుందని జోడీ చూపిస్తే, ఎండాకాలానికి ఆ పిల్ల అచ్చం అలాగే కొట్టేది, తడబడే చోటు తడబాటుతో సహా.

కుర్రకారుకి అదో పందెమైపోయింది. రేపటి తమని ఇవాళే ఓడిస్తామని పోటీలుపడి కూర్చునేవారు. వాళ్లలో ఒకడు రాష్ట్రస్థాయి పోటీలో గెలిచి పేపర్లో పడ్డాడు. హైదరాబాదు నుంచి ఒక కంపెనీవాళ్లు వచ్చి చూసి, బళ్లన్నిటికీ ఈ ప్రోగ్రాం పంపిస్తామన్నారు. చిన్న పని మిగిలిందని, అది కాగానే ఇస్తానని సువార్త చెప్పింది.

ఆ మిగిలిన పని కాత్యాయనితో వచ్చింది. కాత్యాయని ఆమెకి బళ్లో చదువుకున్న రోజుల నుంచీ స్నేహితురాలు. కోర్టులో టైపిస్టు కావాలని హయ్యర్‌కి తయారవుతోంది. జోడీ ముందు కూర్చుని వారం తిరక్కముందే, సరదాకి ఐదేళ్లు ముందుకి పెట్టి చూసింది. కింది వరుస కుంటింది. రెండు మాటలు సాఫీగా పడ్డాయి. తర్వాత ఒకే అక్షరం మూడుసార్లు పడింది. ఓ పొడుగాటి ఖాళీ. మళ్లీ తరుముకొస్తున్నట్టు గబగబా కొన్ని అక్షరాలు, మళ్లీ ఖాళీ.

కాత్యాయని చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. ప్రోగ్రాంలో ఏదో లోపముందని, సరిచేస్తానని సువార్త నవ్వుతూ చెప్పింది. కాత్యాయని నవ్వలేదు.

"అది కొడుతుంటే నా వేళ్లు దాని వెనకే పోదామంటున్నాయి సువార్తా. నాకిది వద్దు," అంది.

లేచి వెళ్లి మూలనున్న పాత టైపు మెషిన్ ముందు కూర్చుంది. మళ్లీ కంప్యూటర్ జోలికి రాలేదు.

లోపమెక్కడుందో సువార్తకి దొరకలేదు. మిగతా అందరి జోడీలనూ ఏళ్ల తరబడి ముందుకి నడిపించి చూసింది. పిల్లలవన్నీ బాగున్నాయి. తనదీ మామూలుగానే ఉంది. కుంటినది మరొక్కటే, తండ్రిది. మూడేళ్లు ముందుకి పెడితే చాలు, అదీ ఒకే అక్షరం మూడుసార్లు కొడుతూ, కాత్యాయని జోడీకన్నా అన్యాయంగా తడబడుతోంది.

జ్ఞానసుందరం గారు చూసి పగలబడి నవ్వారు. నిన్నగాక మొన్న చేరినవాడిలా ఉన్నాడు వీడెవడన్నారు. తర్వాత ఆయనకి రోషం వచ్చింది. జీవితమంతా మెషిన్ ముందు గడిపిన మనిషిని పట్టుకుని, మూడేళ్లకి ఇలా అయిపోతావంటుందా ఈ పెట్టె? దాని సంగతి చూస్తానన్నారు. ఆ మర్నాటి నుంచీ పొద్దున్నే కాఫీ తాగి, పిల్లలు రాకముందే వచ్చి జోడీతో పందెం వేసుకునేవారు. ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ ఉరుకుతుందో తెలియని దానితో పోటీ కష్టం. అందుకని ఆయన దాని ఆగడాలన్నీ వంటబట్టించుకున్నారు. కళ్లు మూసుకుని కూడా ఇప్పుడెక్కడ ఆగుతుందో చెప్పగలనని, మొత్తం పాఠం వచ్చేసిందని ఓసారి అన్నం తింటూ గర్వంగా చెప్పారు. ముసలాయనకి మంచి కాలక్షేపం దొరికిందనుకుంది సువార్త.

అలా రెండేళ్లు పైనే గడిచాయి. కాత్యాయని హయ్యర్ పాసై కోర్టులో చేరింది. ఒక ఆదివారం చర్చిలో ప్రభురాత్రి భోజనం ఇస్తున్నప్పుడు, జ్ఞానసుందరం గారి చేతిలోని చిన్న గ్లాసులోంచి ద్రాక్షరసం చొక్కా మీద ఒలికింది. పాస్టరు గారు ఏమీ ఎరగనట్టు ముందుకు కదిలిపోయారు. వెనక వరుసలోంచి సువార్త తండ్రి కుడిచేతిని చూసింది. వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి లేస్తున్నాయి, పడుతున్నాయి. ఆయన రెండో చేత్తో దాన్ని పట్టుకుని పాటకి లేచి నిలబడ్డారు.

కొత్తపేటలో నరాల డాక్టరు వలీ గారు ఆయన్ని నడిపించి చూశారు, నవ్వించి చూశారు, కళ్లు మూయించి లవంగం వాసన చూపించారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మందులు రాసిచ్చారు. నెలలు గడిచినా గుణం కనిపించలేదు. చివరికి డాక్టరు గారు సువార్తని పక్కకి పిలిచారు.

"వణుకుడు జబ్బుకి ఒకటే తాళం ఉంటుందమ్మా. మీ నాన్నగారి చేతికి తాళం మారుతోంది. మధ్యలో ఆగుతోంది, మళ్లీ అందుకుంటోంది. చూస్తే జబ్బులా లేదు, అలవాటులా ఉంది," అన్నారు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం, ఇన్‌స్టిట్యూట్‌లో ఎవరూ లేనప్పుడు, కిందికి దిగి కంప్యూటర్ స్విచ్ వేసింది. తండ్రి అదే గదిలో కిటికీ పక్క పడకకుర్చీలో నిద్రపోతున్నారు. ఎండ ఆయన పాదాల మీద పడుతోంది. ఆమె ఫ్లాపీ పెట్టి, తండ్రి పేరు కొట్టి, మూడేళ్లు ముందుకి పెట్టిన ఆ జోడీని తెచ్చింది. ఏదో ఒకటి కనబడుతుందని చూస్తోంది, అంతే.

టిక్ టిక్‌మంటూ కింది వరుస మొదలైంది. వెనకనుంచి ఇంకో చప్పుడు వినబడింది. గోరు చెక్క మీద తగిలే చప్పుడు.

సువార్త తల తిప్పలేదు. టిక్కు, గోరు కలిసే పడుతున్నాయి. జోడీ ఒకే అక్షరాన్ని మూడుసార్లు కొట్టినచోట గోరూ మూడుసార్లు కొట్టింది. పొడుగాటి ఖాళీ వచ్చింది. రెండూ ఆగాయి. పెరట్లో కుళాయి బొట్టుబొట్టుగా కారుతున్న చప్పుడు ఆ ఖాళీలో వినిపించింది. మళ్లీ రెండూ ఒకేసారి అందుకున్నాయి. ఆమె మెల్లగా వెనక్కి తిరిగింది. తండ్రి నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. గాఢనిద్ర. కుర్చీ చేతి మీద వేళ్లు మాత్రం మెలకువగా ఉన్నాయి.

ఆమె కంప్యూటర్ ఆపేసింది. తెర నల్లబడింది. వేళ్లు వాక్యం పూర్తిచేసి, మళ్లీ మొదలుపెట్టాయి.

ఆ తర్వాత రోజులన్నీ సువార్తని ఒకటే ప్రశ్న తినేసింది. జోడీ తండ్రి చేతుల్లో అప్పటికే దాగి ఉన్నదాన్ని ముందుగా చూసిందా? లేక రోజూ పక్కన కూర్చుని నేర్పిందా? పోటీలో గెలిచిన కుర్రాడి సంగతి తీసుకున్నా రెండూ సరిపోతున్నాయి. వాడు అంత వేగం అందుకుంటాడని జోడీకి ముందే తెలిసి ఉండొచ్చు, వాడికి ఆ వేగాన్ని జోడీయే పట్టించి ఉండొచ్చు. ఎలా చూసినా తేలదు. ఇంకా పిల్లలు దాని ముందు కూర్చోవడం మాత్రం ఆమె భరించలేకపోయింది. ఫ్లాపీలన్నీ తెచ్చి బట్టలు కత్తిరించే కత్తెరతో ముక్కలు చేసింది. లోపలి గోధుమరంగు బిళ్ల సినిమా రీలులా మెత్తగా తెగింది. హైదరాబాదు కంపెనీకి ప్రోగ్రాం సరిగ్గా పనిచెయ్యడం లేదని రాసేసింది.

కాత్యాయనికి చెప్పకుండా ఉండలేకపోయింది. ఇంటికి వెళ్లి, అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. నీ జోడీ కూడా అలాగే కుంటింది, ముందుగా డాక్టరుకి చూపించుకొమ్మంది. కాత్యాయని చాలాసేపు తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది. కోర్టులో రోజంతా తీర్పులు కొట్టే చేతులవి, ఆ ఇంటికి అన్నం పెట్టే చేతులు.

"అంటే, నాకు కూడా వస్తే అది ముందే చూసిందన్నమాట. నువ్వేం చెయ్యలేదన్నమాట. నేను దాని దగ్గర ఏళ్ల తరబడి కూర్చోలేదు కాబట్టి, నాకు రాకపోతే మాస్టారికి నేర్పింది అదే. అంతేనా?"

సువార్త తలూపింది.

"మరి నువ్వేం కోరుకుంటున్నావు?" అని అడిగింది కాత్యాయని. కోపంగా అడగలేదు. జవాబు కోసం ఆగనూ లేదు, లేచి కాఫీ కలపడానికి వెళ్లింది.

ఏళ్లు నడిచాయి. టైపు మెషిన్ల చప్పుడు పోయి, ఆ గదిలో రంగుల తెరలు, మౌసులు వచ్చాయి. సువార్త పెళ్లిపత్రికలు, విజిటింగ్ కార్డులు వేస్తూ ఇల్లు నడిపింది. తండ్రికి చెంచా పట్టుకోవడం పోయింది, బొత్తాలు పెట్టుకోవడం పోయింది. ఆమే కలిపి తినిపించేది. నడక, మాట, తెలివి, అన్నీ ఆయనకి నిక్షేపంగా ఉండేవి. ఒక్కసారి మాత్రం ఆయన ఆ ఫ్లాపీలేవని అడిగారు. కోసేశానని చెప్పింది. ఎందుకు కోసిందో, రాత్రీ పగలూ ఆమెని ఏది తింటోందో అంతా ఆయనకి అప్పుడే చెప్పుకుంది. ఆయన, "కాత్యాయనికీ వస్తుందందిగా అది. చూద్దాం," అన్నారు. ఆ మాట ఓదార్పుగానే అన్నారు. ఎంత ఘోరమైన మాటో ఇద్దరికీ అర్థమైంది.

కాత్యాయని ఆదివారాలు వచ్చేది. సువార్త తలుపు తీసి, ముందు ఆమె చేతులకేసి చూసి, తర్వాత ముఖం చూసేది. అలా చూడకూడదని ప్రతిసారీ అనుకునేది. కాత్యాయని గాజులు సర్దుకుంటున్నా, పండు వొలుస్తున్నా, సువార్త కళ్లు ఆ వేళ్ల మీదే ఉండేవి. వణకాలనా, వణక్కూడదనా?

జోడీ చెప్పిన ఐదేళ్లూ దాటాక ఒక ఆదివారం, కాత్యాయని టీకప్పు అందుకోగానే సాసరు గలగలలాడింది. టీ ఒలికి చీర మీద పడింది. కప్పు కిందపెట్టి, ఆమె కుడిచెయ్యి చూపించింది. వేళ్లు వణుకుతున్నాయి.

"మొదలైంది," అంది.

సువార్తకి గుండెల మీంచి బండరాయి తీసినట్టయింది. ఏళ్ల తర్వాత నిండుగా ఊపిరి తీసుకుంది. ఆ మరుక్షణమే, తను ఊపిరి పీల్చుకున్నది దేన్ని చూసో తెలిసింది. స్నేహితురాలి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది. రేపే వలీ గారి దగ్గరికి వెళ్దామంది. కాత్యాయని వద్దంది. బెజవాడలో చూపించుకున్నానని, కోర్టులో ఫైళ్లు చూసే పనికి మార్చమని అడిగానని, తన గురించి బెంగపెట్టుకోవద్దని చెప్పింది. లోపలికెళ్లి మాస్టారి దగ్గర కాసేపు కూర్చుని, మెట్లు దిగి వెళ్లిపోయింది.

సువార్త మేడమీది వసారాలోంచి చూస్తూ నిలబడింది. సందు చివర పూలమ్మే ఆమె దగ్గర కాత్యాయని ఆగింది. మూర మల్లెపూలు తీసుకుని, సంచీ చంకలో ఇరికించుకుని, పిన్ను పళ్ల మధ్య పెట్టుకుని, రెండు చేతులూ తల వెనక్కి పోనిచ్చి, చూడకుండానే దండ మడిచి జడలో గుచ్చేసింది. రెప్పపాటులో అయిపోయింది. వేలికి వేలు ఎక్కడా తడబడలేదు.

అప్పుడు తలెత్తి, వసారాలో ఉన్న సువార్తని చూసింది.

జడ మీద చేతులు అలాగే ఆగిపోయాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కాసేపటికి కాత్యాయని కుడిచెయ్యి మెల్లగా కిందికి దించి, వీధిలో అందరూ చూస్తుండగా, దాన్ని వణికించడం మొదలుపెట్టింది. అలా వణికిస్తూనే సువార్త వైపు చూస్తోంది, కాదనకు అన్నట్టు.

సువార్త చెయ్యెత్తి ఊపింది. కాత్యాయని మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉంది.

లోపలికి వచ్చేసరికి తండ్రి పడకకుర్చీలో ముందుకు జరిగి కూర్చుని ఉన్నారు. ఆమె అడుగుల కోసమే కనిపెట్టుకుని ఉన్నట్టున్నారు.

"కాత్యాయని చెప్పిందా అమ్మా? దాని చెయ్యి కూడా?"

"చెప్పింది నాన్నా."

"అయితే అది ముందే చూసిందంతే. నేర్పింది కాదు. నీ తప్పేం లేదు," అన్నారాయన గబగబా, ఎప్పటినుంచో అనాలని కూర్చిపెట్టుకున్న మాటలా. ఆయన ముఖం అంత తేటగా ఉండగా ఆమె చూసి ఎన్నో ఏళ్లయింది. కాత్యాయనిని ఈ మాట చెప్పమని ఎవరు బతిమాలారో సువార్తకి అర్థమైంది. జోడీ ముందే చూసింది కాదు, నేర్పిందని కూడా ఇప్పుడామెకి తెలుసు.

"అవును నాన్నా," అంది. "నా తప్పేం లేదు."

ఆయన తృప్తిగా వెనక్కి వాలారు. సువార్త కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, చెక్క మీద ఆడుతున్న ఆయన రెండు చేతులనూ తన అరచేతులతో కప్పింది. గట్టిగా నొక్కలేదు. వాటి కింద ఆ వేళ్లు ఒకచోట మూడుసార్లు కొట్టుకుని, పొడుగ్గా ఆగి, గబగబా పరుగెత్తి వాక్యం పూర్తిచేశాయి. తర్వాత మళ్లీ మొదటి అక్షరం దగ్గరికి వెళ్లాయి.